స్ట్రెంత్

"మేడమ్, మీ స్ట్రెంత్ ఎంత?"
ఎంఈఓ ఆఫీసు నుంచి ఫోను.
నలభై ఏడన్నాను.
నిన్న అడిగుంటే నలభై ఎనిమిది.

గుంటూరులో, ఏటుకూరు రోడ్డు వైపు
కోల్డ్ స్టోరేజీ గోడకి వీపానించి కూర్చున్న
మున్సిపల్ బడి మాది.
గాలి ఇటు తిరిగితే పాఠం ఆగుతుంది.
ఆరో తరగతి మొదలెడుతుంది,
ఎనిమిది అందుకుంటుంది,
చివరి తుమ్ము నాది.

మిరప ఘాటుకి కులం గడి లేదు.
మిగతా అన్నిటికీ ఉంది:
ఎస్సీ పంతొమ్మిది, ఎస్టీ ఆరు,
బీసీ ఇరవై ఒకటి,
ఓసీ ఒకటి, వాచ్‌మన్ కూతురు.
సర్వర్ తిరుగుతూ తిరుగుతూ
నా వేలి కిందే నిద్రపోయింది.
మళ్లీ మొదటినుంచి.

మాతృభాష: తెలుగు ముప్పై ఎనిమిది,
ఉర్దూ ఎనిమిది,
ఇతరములు ఒకటి.
ఆ 'ఇతరములు' పేరు ఝునూ బెహరా.
వాళ్ల నాన్న టిక్కీలు మోస్తాడు.
మీ అక్షరాలు రాయవే అంటే
బోర్డు మీద తన పేరు రాసింది.
మన వాటిలాగే గుండ్రం,
తలకట్టు బదులు
ఒక్కోదానికీ ఒక గొడుగు.
ఆ రోజు బోర్డు తుడవలేదు.

బాలికలు ఇరవై తొమ్మిది,
బాలురు పద్దెనిమిది.
ఈ తేడా ఎందుకని ఏ గడీ అడగదు.
అడిగితే
నాగూర్‌బీని చూపిస్తాను.
నిన్న తల్లితో వచ్చి నిలబడింది,
తమ్ముడి టీసీ కోసం.
"వాడొక్కడికే కట్టగలం మేడమ్,
వ్యాను మా సందులోకే వస్తదంట."
మూడేళ్ల కిందట వాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చిందీ
ఈ పిల్లే.
కాగితం మడత పడకుండా
లెక్కల పుస్తకంలో పెట్టుకుంది.

సంతకం చేస్తూ నేనేమీ అనలేదు.
మా వాడెక్కే బస్సు కూడా
పసుపు రంగుదే.

మధ్యాహ్నం ఆదెమ్మ
నిన్నటి లెక్కకే గుడ్లు ఉడికించింది.
ఒకటి మిగిలింది.
ఎవరికి వెయ్యమంటారని
గరిటె పట్టుకుని నన్నే చూస్తోంది.
నాగూర్‌బీ చేతులు కడుక్కుని వచ్చి
చున్నీ చివర ముడేసుకుంది దాన్ని,
అడక్కుండానే.

ఫోను మళ్లీ మోగుతోంది.
ఈసారి గాలి
ఇటువైపు తిరిగింది.