య వత్తు అరువు

ఎనుమాముల మార్కెట్ తూకం చీటీల ప్రోగ్రాం ఇది.
నా పాత డెస్క్‌టాప్ మీద,
ఎవరికీ పైసా కట్టని లినక్స్ మీద,
నల్లటి ఎడిటర్ కిటికీల
సమ్మక్క మూడు ముక్కలై నిలబడ్డది.

సగం తెగిన మ, తల మీద పొల్లు.
పక్కనే ఇంకో మ, ముఖపరిచయం లేనట్టు.
మిర్చిలోని గుడి హల్లు దొరకక
చుక్కల గుండ్రాన్ని చంకన పెట్టుకొని
ఒంటరిగ కూసున్నది.

నయీంనగర్ హాస్టల్ గదుల లెక్క
ఇక్కడ అన్ని అక్షరాలకు ఒకటే కొలత.
సన్నటి ఇంగ్లిషు ఐ కాళ్లు చాపుకొని పంటది.
మన ఘౌ పక్కదాని మీద మోచెయ్యి పెడ్తది.

హింటింగు తక్కువ చేసిన, ఎక్కువ చేసిన, మొత్తమే తీసేసిన.
అంచులు నున్నగ చెయ్యమంటే
పొగమంచుల కాజీపేట స్టేషన్ బోర్డయింది.
పదకొండు ఫాంట్లు మార్చిన.
పన్నెండోది పెట్టెలు చూపించింది, వరుసగ, అన్నీ ఖాళీవి.
అదే మాట బ్రౌజర్‌ల మాత్రం అతికినట్టున్నది.

కింది షట్టర్ల జిరాక్సు నడిపే వేముల సారంగపాణి
టీ పట్టుకొని పైకొచ్చిండు.
ముప్పై ఏండ్లు పోచమ్మమైదాన్ ప్రెస్సుల
సీసం అక్షరాలు ఏరిన వేళ్లు.
అద్దాలు ముక్కు మీదికి జార్చి చూసిండు:
“వత్తుల అర ఖాళీ అయిందా బిడ్డా?”

నవ్విన. ఆయన నవ్వలే.
“పెండ్లిళ్ల కాలంల య వత్తులు ఒడిసిపోతుండె.
అందరూ అయ్యలే గద, మల్లయ్య, కొమురయ్య, ఓదెయ్య.
చౌరస్తా ప్రెస్సుకు పోరన్ని తోలి
గుప్పెడు య వత్తులు అరువు తెప్పిచ్చేటోళ్లం.
మాఘం దాటినంక లెక్కపెట్టి ఇచ్చేది.
రెండు తక్కువైతే కొట్లాట.”

అరిగిన అక్షరం సరిగ పడకపోతే
కింద బీడీకట్ట కాగితం ముక్క పెట్టేటోళ్లట,
వెంట్రుకంత ఎత్తుకు.
పొద్దటిసంది మీటలు నొక్కి నొక్కి నేను దేవులాడేది
ఆ వెంట్రుకంతే.

“నీ పేరు కొట్టు సూద్దాం” అన్నడు.
జ్యోత్స్న.
ఐదు ముక్కలు.

“ఈ పేరు నా కేసుల లేకుండె.
త కింద స, దాని కింద మళ్ల న.
ఆకురాయితోని గీకి, మూడింటిని ఒక్కటి చేసి కట్టాలె.
ఒకసారి ఇసుగొచ్చి ‘వెన్నెల’ అని అచ్చేసిచ్చిన.
అర్థం ఒకటే గదా అంటే
పిల్ల తండ్రి పత్రికలన్నీ నా మొఖాన కొట్టిండు.”

గ్లాసులు తీసుకొని దిగిపోయిండు.
కర్సర్ సగం స కూ దాని పొల్లుకూ నడుమ ఇరుక్కొని
ఆరుకుంట వెలుగుకుంట ఉన్నది.
బ్యాక్‌స్పేస్ నొక్కితే ఏది పోతదో తెల్వదు.
నొక్కలే.

రేపు పొద్దుగాల మిర్చి బస్తాల కాడ చీటీ అచ్చయితది.
అక్కడ సమ్మక్క అతుక్కొనే వస్తది, నాకెరుకే.
ఇక్కడ మాత్రం
ముక్కల్ని నోట్ల కలుపుకుంట
తర్వాతి రైతు పేరు కొడుతున్న.
ఐలయ్య.
య వత్తు పడలే.

లేచి, కిటికీలకెల్లి
చౌరస్తా దిక్కు ఒకసారి చూసిన.