ఆరిన పుల్ల

ఇరవై రెండేళ్లు సుద్దముక్కతోనే నడిపాను.
కాశీబుగ్గ హైస్కూలు గ్రౌండులో కబడ్డీ అంటే
నల్లబోర్డు పక్కన నేను,
భుజమ్మీద తడిగుడ్డ,
చెరిపిన అంకె వెనకనుంచి
తెల్లగా తొంగిచూసే ఇంకో పాత అంకె.

ఈ ఏడు డిజిటల్ బోర్డన్నారు.
డ్రిల్లు మాస్టారూ నేనూ బండేసుకుని బజారంతా తిరిగాం.
ఎరువుల కొట్టు అయిదు వేలు, పేరు అందరికన్నా పైన ఉండాలంది.
కళ్లద్దాల షాపు మూడు వేలు, ఫోన్ నంబరు కూడా వెయ్యమంది.
స్వీట్ల గోవిందరావు డబ్బివ్వలేదు,
చెరో మైసూర్‌పాకు ముక్క చేతిలో పెట్టి
"మనూరి గుంటలు, మీరే ఏదోటి సూడండి" అన్నాడు.
మిగతా డెబ్బై వేలూ జీడిపప్పు ఫ్యాక్టరీ కామేశ్వర్రావుగారివి.
ఆయన అడిగింది ఒక్కటే:
అక్షరం అడుగెత్తు ఉండాలి.

లారీ దిగిన బోర్డులో
ముప్పాతిక వంతు పేర్లే.
స్కోరుకి మిగిలింది
చీరకి అతుకేసినంత చోటు.
అయినా వెలిగేసరికి పిల్లలు చప్పట్లు కొట్టారు.
నేనూ కొట్టాను, అబద్ధమెందుకు.
ఒక్కో అంకెకీ ఏడు పుల్లలు.
ఏడూ వెలిగితే ఎనిమిది.
సుద్దముక్క జేబులో వేసుకుని
మీటల ముందు కూర్చున్నాను.

ఫైనల్సు సోంపేట అమ్మాయిలతో.
ముందు వరసలో శాలువాతో కామేశ్వర్రావుగారు.
పిట్టగోడ అవతల
ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చేసిన ఆడవాళ్లు,
వేళ్ల సందుల్లో జీడిసొన మరకలు.
వాళ్లలో మా డిల్లేశ్వరి తల్లి సాయమ్మ.
చదువు రాదు. ఎర్ర అంకెలు మాత్రం వచ్చు.
రోజూ సాయంత్రం ఒలిచిన పప్పు కాటా మీద పెడితే
అవే వెలుగుతాయి, ఇంతింత చిన్నవి.
అందులో తరుగు పోగా మిగిలింది కూలి.

ఇరవై అయిదు, ఇరవై ఏడు.
ఆఖరి కూతకి డిల్లేశ్వరి వెళ్లింది.
ముగ్గురు మీద పడ్డారు.
గీత మీద ఆ పిల్ల వేలు.
వేలు కూడా కాదు, గోరు.
విజిల్.

మూడు పాయింట్లు. మూడుసార్లు మీట నొక్కాను.
అంకె కదిలి, కదిలి
ఇరవై ఆరు దగ్గర ఆగింది.

సోంపేట పిల్లలు గెంతులేశారు.
రిఫరీ బోర్డుకేసీ, నాకేసీ చూశాడు.
డిల్లేశ్వరి గీత మీదే బోర్లా పడుంది,
రొప్పు ఆగలేదు.

అప్పుడు పిట్టగోడ అవతలనుంచి:
"ఆరు కాదు బాబూ, ఎనిమిది!
కుడేపు పుల్ల ఆరిపోనాది, సూడండి!
నాకు తెల్దేటి?
పోయినేడు వానలకాలమంతా
మా కాటా కూడా ఇలగే సూపించినాది.
ఎనిమిది కేజీలు ఒలిస్తే ఆరని రాసినారు."

గ్రౌండు గ్రౌండంతా
కూత తెగిన నోరైపోయింది.
కామేశ్వర్రావుగారు శాలువా సర్దుకున్నారు.

నిజమే. పైన, కుడివైపు పుల్ల.
ఎప్పుడారిందో, అయిదు ఉన్నంతసేపూ తెలియలేదు.
అయిదుకి ఆ పుల్లతో పనిలేదు.
లేచి వెళ్లి, జేబులోంచి సుద్ద తీసి
వెలగని చోట నిలువుగా గీశాను.
నున్నటి అద్దం మీద సుద్ద పట్టదు,
ఉమ్మి తడి చేసి మళ్లీ గీశాను.
ఇరవై ఎనిమిది.
ఎర్రటి అంకెలో ఒక తెల్లటి ఎముక.

కంపెనీ కుర్రాడు గురువారం వచ్చి బాగుచేశాడు.
అడుగెత్తు అక్షరాలకి ఏమీ కాలేదు,
అవి మొదట్నుంచీ నిక్షేపంగానే ఉన్నాయి.

ఆ మర్నాడు తూకం దగ్గర
గంప దించి సాయమ్మ కదల్లేదట.
అంకె వెలిగాక వంగి
పుల్లలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుందట.
వెనకాల వరసలో ఉన్నవాళ్లు
ఎవరూ తొందరపెట్టలేదట.