రిపేరు చీటీ

యతిరాజులు తెచ్చిన కీబోర్డు విప్పితే
ముందు కనబడేది దుమ్ము కాదు, రంగు.
ఎండిపోయిన నీలం
రెండో సప్తకంలో మూడు మెట్లని కదలనివ్వదు.
"బొమ్మ వేస్తుంటే మధ్యలో ఏదో తట్టింది,
చెయ్యి కడుక్కునేలోగా పోతుందని భయం" అంటాడు.
రిచీ స్ట్రీట్‌లో ముప్పై ఏళ్లుగా టంకం పెడుతున్నాను,
టర్పెంటైన్ వాసనేసే సర్క్యూటు
ఈయనది తప్ప ఇంకొకటి చూడలేదు.

వాళ్ల నాన్న మౌంట్ రోడ్డుకి సినిమా బ్యానర్లు గీసేవాడు.
కళ్లూ ముక్కూ నాన్నవి,
హీరోయిన్ చెవి కమ్మలు మాత్రం ఈయన వాటా.
నిచ్చెన మీద నిలబడి, కింద బస్సుల మోతకి
కుంచెతో తాళం వేసేవాడట.
ఫ్లెక్సు మిషన్లు వచ్చిన ఏడు
నాన్న డబ్బాలకి మూతలు బిగించేశాడు.
కొడుకు పెళ్లి ఆర్కెస్ట్రాలో ప్యాడ్ వాయించడానికి పోయాడు,
రాత్రికి మూడు వందలూ, భోజనమూ.

తర్వాత వడపళని. చల్లటి గది, కిటికీ లేదు.
పదకొండేళ్లు ఎవరెవరి పాటల కిందో
డ్రమ్ములు పేర్చాడు.
అట్ట మీద ఎప్పుడైనా పేరు పడితే
తప్పుగా పడేది.
సొంతానికి చేసుకుంది ఒకటే సీడీ, అయిదు వందల కాపీలు.
నాలుగు వందల పన్నెండు నా అటక మీదున్నాయి.
అట్టలన్నీ చేత్తో గీశాడు, ఏ రెండూ ఒకటి కావు.
కొన్నవాళ్లు అట్ట ఉంచుకుని సీడీ పారేశారని వినికిడి.
దానికీ నవ్వాడు.

ఆ డిసెంబరు వానకి
సైదాపేట ఇంట్లో నడుం లోతు నీళ్లు.
కీబోర్డు మునిగింది.
గోడకి ఆనించిన ఇరవై బొమ్మల మీదా
బురద ఒకే గీత గీసి పోయింది, మట్టం తప్పకుండా.
ఆరబెట్టి కరెంటు ఇస్తే
అది ఒక్క స్వరమే పట్టుకుంది, ఝుమ్మని,
గాజు సీసాలో పడ్డ తుమ్మెదలాగ.
"ఎర్త్ పోయింది, అరగంట పని" అన్నాను.
చెవి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు.
టీ మీద మీగడ కట్టింది.
"ముట్టుకోకు" అన్నాడు.

ఇప్పుడు ఆ రొద మీదే కట్టిన నలభై నిమిషాలు
బెసెంట్ నగర్‌లో ఓ మేడ మీద హాల్లో వినిపిస్తాడు,
బురద గీత తుడవని బొమ్మల మధ్య.
పోయిన్నెల నేనూ వెళ్లాను. జనం తక్కువే.
ఒకావిడ కళ్లు మూసుకుని ఊగుతోంది.
నాకు మాత్రం, ఏం చెప్పను,
చెయ్యి స్క్రూడ్రైవరు కోసం జేబులో తడుముకుంటూనే ఉంది.

నాకు రావలసిన ఆరు వందల నలభైకి
ఒక చిన్న బొమ్మ ఇచ్చాడు. కొట్లో తగిలించాను.
ఎటో బయలుదేరిన గీతలు, ఎక్కడో కలిసి, మళ్లీ విడిపోయి.
కొత్తగా చేరిన కుర్రాడు జబ్బార్
సర్క్యూటు డయాగ్రం అనుకుని
వేలు పెట్టి అంతా వెతికాడు.
"అన్నా, ఇందులో ఎర్త్ ఎక్కడ?"

"ఇవ్వలేదురా.
ఆయనే వద్దన్నాడు."