తడి మేకు

కరెంటు పోయింది.
చీమకుర్తి నల్లరాయి,
చుక్కల్ని చిల్లర చేసి ఒళ్ళో దాచుకున్న రాయి,
పాలిషింగ్ లైను మీద సగంలో ఆగింది.
దాని పగుళ్ళలో నేను పూసిన రెజిన్
ఇంకా గట్టిపడలా.

క్యారేజీ తెచ్చిన మా వెంగమాంబ
సెల్లు లైటు డబ్బా మీదికి కొట్టి
సన్నక్షరాలు చదివింది.
"నాయనా, ఇందులో ఉండేది ఎపాక్సైడు.
నెల్లూరులో నేను చదివేది
దీన్ని విప్పే ఎంజైము గురించే."

రెండు కార్బన్లు, ఒక ఆక్సిజను,
ఒకే ముక్కాలిపీట మీద
ముగ్గురు ముడుచుకు కూచున్నట్టు.
ఒళ్ళు విరుచుకునే చోటు లేక
తగిలినోణ్ణల్లా పట్టుకుంటయ్యంట.
అందుకే పగులు అతుక్కుంటది.
అందుకే నా మోచేతుల దాకా దద్దుర్లు.

"మరి ఇట్టాంటిది లోపలికి పోతే?" అన్నా.
"కార్జంలో ఒక పనివాడున్నాడు" అంది.
ఎపాక్సైడ్ హైడ్రోలేజ్.
నాకు నోరు తిరగలా.

కూరగిన్నె మూత కొంచెం ఎత్తి చూపించింది.
గిన్నె లాంటి గుంట, పైన మూత.
మూతలోంచి రెండు వేళ్ళు, టైరోసిన్లు,
ఆక్సిజను జుట్టు పట్టుకుంటయ్.
అడుగునుంచి ఆస్పార్టేటు ఒక్క పోటు.
ముక్కోణం విడిపోద్ది.
పొడిచినోడు మాత్రం అందులోనే ఇరుక్కుపోతాడు.
అప్పుడు పక్కనున్న హిస్టిడిను
ఒక్క నీటి తునకని రేపి పంపిద్ది.
ఆ నీళ్ళొచ్చి ఇద్దర్నీ విడదీస్తయ్.

నేను నవ్వా. ఇది మా ఇంటి పనే కదే!
మా తాత బాలకోటయ్య
రాతికి వరసగా గుంటలు తొలిచి
ఎండు తుమ్మకర్ర మేకులు దిగ్గొట్టి
పొద్దుగూకినాక నీళ్ళు పోసేవాడు.
రాత్రంతా కర్ర ఉబ్బి ఉబ్బి
కోడి కూసే యాళకి ఠప్పుమని ఒక్క శబ్దం.
"రాయిని కొట్టమాకరా, తాగించు" అనేవాడు.

"విడిపోయినాక?"
"రెండు పక్కలా నీటిచేతులు మొలుస్తయ్.
ఇక ఎవరితో పోట్లాట లేదు,
నీళ్ళల్లో కలిసి ఒంటేలులో పోద్ది."
"అయితే మంచోడే."

అది తల ఊపలా.

మా నాయన టంగుటూరు పొగాకు బ్యారన్ కాడ
ముప్పై సీజన్లు పొయ్యి కాశాడు, నోట్లో చుట్టతో.
ఆ పొగ మసిలో ఒకటుండిద్దంట.
ఒళ్ళే దానికి ముక్కోణం తగిలిచ్చిద్ది.
ఈ పనివాడొచ్చి విప్పుతాడు.
విప్పిన చోటికి పక్కనే
ఇంకో ముక్కోణం బిగుసుకుంటది.
మొదటిదానికన్నా చెడ్డది.
అది వీడి చేతికి లొంగదు.

గిన్నెలో వంకాయ కూర చల్లారిపోయింది.
"తాళం తీసినోడిదేనా తప్పు?" అన్నా చాలాసేపటికి.
"వాడికి ముందుగదే తెలుసు నాయనా,
పెరటి తలుపు తెలీదు."

వాడికో దాయాది కూడా ఉన్నాడంట.
రక్తనాళాల్ని వదులు చేసే కొవ్వుల్ని,
నొప్పిని చల్లార్చే వాటిని
వాడు విప్పి పారేస్తాడు.
వాడి గుంటలో అడ్డంగా పుల్ల పెట్టే మందుకోసం
వెతుకుతా ఉన్నారంట.
"నా నడుముకి పనికొచ్చిద్దా?"
"ఇంకా పరీక్షల్లోనే ఉందిలే.
ముందు నువ్వు గ్లవ్స్ ఏసుకో."

తీసి చూపించా.
స్టోరోడు ఇచ్చినవి
రెండూ ఎడమ చేతివే.

పడీపడీ నవ్వింది పిల్ల.
బూజులో దొరికే ఎంజైము ఒకటి
అద్దంలో బొమ్మల్లా ఉండే కుడిఎడమల్లో
ఒకదాన్నే ఏరి విప్పుద్దంట,
మిగిలిన చేతితో మందులు చేస్తారంట.
"మీ స్టోరోడికన్నా బూజు నయం!"

కరెంటొచ్చింది.
రాతిలో చుక్కలన్నీ ఒక్కసారి లేచినయ్.
డబ్బాలో మిగిలిన రెజిన్ బిగుసుకుపోయింది,
దాన్ని విప్పే పనివాడు లేడు.

డ్రమ్ములో చెంబు ముంచి
నా మోచేతుల మీద నీళ్ళు పోసింది.
నీళ్ళకి పోదు రెజిన్.
నాకూ తెలుసు, దానికీ తెలుసు.
ఇంకో చెంబు పోసింది.