కొసరు

పెదజాలారిపేటలో మా మేడమీద గది
ఉదయం ఆరున్నరకి బడి అవుతుంది.
గంట ఉండదు.
పాలకుక్కరు కూత ఉంటుంది,
రేవులోంచి ఓడ హారన్ ఒకటి ఆలస్యంగా వస్తుంది.
చాప పరుస్తాను. కెజియా పలక తుడుస్తుంది.
పెన్సిలు ములుకు విరిగిందని
విరగకముందే చెబుతాడు ఓబేదు.
కళ్ళు మూసుకుని ప్రార్థిస్తాం.
వాడు ఒక కన్ను తెరిచే ఉంచుతాడని
నాకెలా తెలుసో
ఇంతవరకూ అడగలేదు వాడు.

కింద పసుపు బస్సు ఆగుతుంది.
పక్కింటి పిల్లలు టైలు సర్దుకుంటూ ఎక్కుతారు.
కిటికీ ఊచల్లోంచి చూస్తాడు ఓబేదు
బస్సు మలుపు తిరిగేదాకా.
ఆ చూపుకి నా దగ్గర పాఠం లేదు.

"బడికి పంపరేంటండీ?"
నీళ్ళ ట్యాంకరు దగ్గర అడుగుతారు.
మా చర్చి గుమ్మంలోనూ అడుగుతారు, చెప్పులు వెతుక్కుంటూ.
ఒక్కో రోజు ఒక్కో జవాబు చెప్పాను.
అన్నీ నిజాలే. ఏదీ పూర్తిగా కాదు.
రాత్రి, ఆయన పోర్టుకి నైట్ డ్యూటీకి వెళ్ళాక,
ముప్ఫై ఆరేళ్ళ వయసులో
భిన్నాలు మళ్ళీ నేర్చుకుంటాను.
ఐదో తరగతిలో బట్టీకొట్టి దాటేసిన వంతెన కింద
నీళ్ళున్నాయని ఇప్పుడు చూస్తున్నాను.

ఈరోజు భాగహారం.
పొద్దున చదివిన కథలోంచే తీశాను లెక్క.
రాత్రంతా వలేసి ఒట్టి చేతులతో మిగిలిన ఏడుగురు,
ఒడ్డున నిలబడి కుడిపక్కన వెయ్యమన్న ఒకడు,
నూట యాభై మూడు పెద్ద చేపలు.
వల చిరగలేదు.

"నూట యాభై మూడే ఎందుకు?" కెజియా అడిగింది.
పండితులు చెప్పినవి నాలుగు చదివాను,
ఏదీ నమ్మబుద్ధి కాలేదు.
గుమ్మంలో చింతపండు పిక్కలు తీస్తున్న మా అత్త లూదియమ్మ
తలెత్తకుండా అంది:
"నెక్కెట్టినోడు సేపలోడు గనక.
సేపలోడు నెక్కెట్టకండా ఇంటికెళ్తాడేటి?"

నలభై ఏళ్ళు బుట్ట నెత్తినపెట్టుకుని
వాల్తేరు మెట్ట ఎక్కి దిగిన మనిషి.
అక్షరాలు రావు. పుంజీలు వచ్చు.
నాలుగు చేపలు ఒక పుంజీ.
"పుంజీలు కట్టండి," అంది.
పిక్కలు లెక్కపెట్టి తెచ్చి, నాలుగేసి, నాలుగేసి,
కుప్పలు పోశాడు ఓబేదు.
చాప నిండింది. గచ్చు మీదికి పాకింది.
ముప్ఫై ఎనిమిది కుప్పలు.
వాడి చేతిలో ఒక పిక్క.

"శేషం ఒకటి," రాయించాను.
"శేసమేటే?"
"మిగిలిపోయింది అత్తా. దేన్లోనూ పడనిది."
ఆమె నవ్వలేదు.
"మిగిలిపోడమేటి? అది కొసరు.
నెక్కంతా అయిపోనాక అడక్కండా ఏసేది.
కొసరెయ్యనోడి కాడికి
రెండోసారి ఎవులొత్తారు?"

కెజియా పలకమీద శేషం కొట్టేసింది.
కొసరు అని రాసింది.
ఓపెన్ స్కూలు పరీక్షలో మార్కు పోతుందని చెప్పాలి.
చెప్పలేదు.

అప్పుడు ఓబేదు, పిక్క నలుపుతూ,
"మరి తాత వల?" అన్నాడు.

ఆరుగురు వెళ్ళారు ఆ తుఫాను ఏడు.
పడవ చెక్క ఒకటి భీమిలి దగ్గర తేలింది.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం ఆ రాత్రీ తిరిగింది.
ఒడ్డున ఎవరైనా నిలబడ్డారా,
నిలబడితే ఏ పక్క వెయ్యమన్నారు,
నా పుస్తకాల్లో లేదు.
"నాకు తెలీదురా," అన్నాను.
"నేనూ అడుగుతూనే ఉన్నాను."

అత్త కుప్పలన్నీ కొంగులోకి ఎత్తుకుంది.
చాలాసేపు సముద్రం తప్ప ఏమీ వినపడలేదు.
తర్వాత, నన్ను కాదు, కెజియాని అడిగింది:
"ఆ కొసరన్న మాట,
ఎలగ రాత్తారో సూపించు."

అరవై తొమ్మిదేళ్ళ వేలు పలకమీద వంగింది.
పొలుసులు గీకి గీకి గట్టిపడిన వేలు
మొదటి అక్షరం దగ్గరే మూడుసార్లు జారింది.
కెజియా చెయ్యి పట్టి దిద్దించింది,
నేను దానికి దిద్దించినట్టే, కొంచెం కసురుతూ.

పదిన్నరయింది. ఇప్పుడు సైన్సు.
ఎవరూ లేవలేదు.
ఓబేదు మాత్రం
ఆ ఒక్క పిక్కని
నిక్కరు జేబులో వేసుకున్నాడు.