రిమార్కుల గడి

పాత వంతెన నాలుగో స్తంభం దగ్గర
పొద్దున్న ఆరున్నరకి మొదలెట్టాం.
నా చేతిలో ఎరుపూ తెలుపూ చారల గడ,
ఒళ్లో గళ్ల పుస్తకం,
వెనక తెడ్డు పట్టి సూరాడ గన్నయ్య.
నాగావళి ఒడ్డున రేవు కట్టాలట,
ఐసు గోదాములట, వలల దుకాణాలట, పడవల మరమ్మతు యార్డట.
ముందు లోతెంతో చెప్పమన్నారు.

"ఒకటి పాయింట్ ఒకటి" అన్నాను.
"మొలలోతు" అన్నాడు గన్నయ్య, గడ వంక చూడకుండానే.
"సున్నా పాయింట్ నాలుగు."
"మోకాలు."
రెండో మలుపులో పడవ అడుగు ఇసకని గీరింది.
ఇద్దరం దిగి తోశాం.
"ఇది సీలమండ. అలాగే రాసుకో బాబూ,
సెంటీమీటర్లంటే సిగ్గుపడతాది ఏరు."

ఊరి మురుగు కలిసేచోట
గడకి నల్లటి బురద అంటి అంకెలు కనబడలేదు.
తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు.
అదే తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు.

గుజరాతీపేట దిగువన ఓ రేకుల షెడ్డు.
నీళ్లు లేని ఏటి ఒడ్డున సముద్రపు పడవలు,
బోర్లా పడుకున్నవి మూడు, పక్కకి ఒరిగినవి రెండు.
కళ్లేపల్లి నుంచి ట్రాక్టరెక్కి వస్తాయట ఇక్కడికి,
స్పీడు బ్రేకర్ల దగ్గర నెమ్మదించి,
ఆటోలకి దారిచ్చి,
ఇంటరు పిల్లల సైకిళ్ల మధ్యనుంచి.

తవిటమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకుని
గాజు పీచు మీద రెజిను పూస్తోంది.
మోచేతుల దాకా దద్దుర్లు.
కొబ్బరినూనె రాస్తే గానీ రాత్రి కన్ను మూతపడదట.
వెరావల్లో చేపలు ఏరడానికి వెళ్లి
పక్క షెడ్డులో అచ్చులు పోసేవాళ్లని
ఏడు సీజన్లు చూసి చూసి
ఎవరూ నేర్పకుండా పట్టుకొచ్చిన పని.

"పడవంటే ఏటనుకున్నావు?
మర బాగుసేసే ఈశ్వరుడు, ఐసు కొట్టే కుర్రోలిద్దరు,
వల లాగే ఆరుగురు, గంపలెత్తే ఆడోలు,
ఆలందరికీ టీ పోసే మా మరదలు.
ఇది పడుకుంటే ఇంతమందీ పడుకోవాల."
మళ్లీ తనే అంది:
"ఐసు ఎక్కడినుంచో లారీలో రావాల. దారిలోనే సగం నీరు.
అది కరిగినంతా కోనాం ధరలోనూ కరుగుతాది."

పటం చూపించమంది. విప్పాను.
రంగుల రేవు, వరసగా దీపస్తంభాలు,
సాయంత్రాలు నడిచే బాట, కూర్చునే బల్లలు.
ఆమె షెడ్డున్న చోట బూడిదరంగు చదరం:
'కార్లు నిలుపు స్థలం.'
వేలికంటిన రెజిను కాగితానికి అంటుతుందేమోనని
చెయ్యి వెనక్కి పెట్టుకుని
కూడబలుక్కుంటూ చదివింది.
ఏమీ అనలేదు.
డబ్బాలో మందు గట్టిపడిపోతోందని
గబగబా కుంచె అందుకుంది.

నాకు చెప్పిన పని ఏటి లోతు.
ఒడ్డు ఊసు ఎవరూ ఎత్తలేదు.
అయినా గడ భుజాన వేసుకుని
షెడ్డు గుమ్మం నుంచి నీటి అంచు దాకా
ఏటవాలు కొలిచాను, రెండుసార్లు.
పద్నాలుగు మీటర్లు. గన్నయ్య లెక్కలో ఎనిమిది బారలు.
రిమార్కుల గడిలో మా ఆఫీసులో ఎవరూ ఏమీ రాయరు.
నేను రాశాను:
"ఇక్కడ పడవలు దించుతారు. వాలు వదిలేయాలి."

ఆ కాగితం ఏ బల్ల మీదికి చేరిందో,
ఏ టీ గ్లాసు కింద చెమ్మగిల్లుతోందో తెలీదు.
వైశాఖం వెళ్లకుండానే నన్ను విజయనగరం పంపేశారు,
చంపావతి మీద ఇంకేదో లెక్కకి.

తోటపల్లి గేట్లెత్తిన మూడో రోజున
ఫోను మోగింది.
వెనకాల కేకలు, ఇంజిను దగ్గు,
ఎవరో ఆడమనిషి గట్టిగా తిడుతోంది తాడు వదలమని.
"దింపేసినాం బాబూ! ట్రాక్టరు నేదు, ఏటీ నేదు.
ఏటమ్మటే సముద్రానికి ఎల్లిపోతన్నాది."
"లోతెంతుంది?" అన్నాను, అలవాటుకొద్దీ.
కాసేపు వాన చప్పుడే వినబడింది.
తరవాత గన్నయ్య:
"గడ అందనేదు."