తలెటు, తోకెటు

ఉత్తరం జూలైలో వచ్చింది,
పోర్టు ఏరియాలో మా మూడో అంతస్తు ఆఫీసుకి,
లిఫ్టు చెడిపోయిన రోజున.
"పెట్టెల మీద ముద్ర 06/04.
అంటే జూన్ నాలుగు.
మీ తీరంలో అప్పుడు వేట నిషేధం కదా,
సముద్రపు రొయ్య ఎక్కడిది?"

ఇరవై రెండేళ్లుగా ఈ కాగితాలే నా కూడు.
ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఆరోగ్య పత్రం,
ఏ ముద్ర పక్కన ఏ సంతకం పడాలో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
ఒక్క ఏటవాలు గీతకి అటూ ఇటూ కూర్చున్న అంకెలు
సముద్రం దాటేసరికి
కుర్చీలు మార్చుకుంటాయని మాత్రం తట్టలేదు.

అది ఏప్రిల్ ఆరు.
నిషేధానికి ఇంకా తొమ్మిది రోజులు.
ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒకదాని వీపు ఒకటి రాసుకుంటూ,
ఐసు దిమ్మలు పగిలే చప్పుడు తెల్లారేదాకా,
ఆఖరి వేట ఆదుర్దా.
జూన్ నాలుగున అదే జెట్టీ మీద
వలల చిరుగులు కుట్టుకునే వేళ్లు,
కట్టేసిన తాళ్ల మీద కాకులు.

ముద్ర కొట్టిన మనిషిని పట్టుకోమన్నాడు యజమాని.
ఫ్యాక్టరీలో
చలికి పాలిపోయిన చేతులతో
మైలపిల్లి కాసులమ్మ వచ్చి నిలబడింది.
విషయం చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

"రొయ్యకైతే తలెటో తోకెటో
కళ్లు మూసుకున్నా సెప్తాను బాబూ.
తేదీకి తలెటు, తోకెటు?
సదూకున్నోరు మీరే సెప్పాల."

నా దగ్గర జవాబు లేదు.
నెలలో మొదటి పన్నెండు రోజులూ అనుమానపు రోజులే,
ఎవరు ఎటు నుంచి చదివితే అటు ఒరిగిపోతాయి.
పదమూడు పుట్టాకే తేదీకి వెన్నెముక.
మా అమ్మ పదమూడున ఏ పనీ మొదలుపెట్టనిచ్చేది కాదు.
ఇప్పుడు నాకు నమ్మకమైన అంకె అదొక్కటే.

అన్నట్టు, 12/10 అని రాసి
ఈ ఊళ్లో ఎవరికైనా చూపించండి.
డిసెంబరు అనరు.
రేకులు ఎగిరిపోయిన ఇళ్లు,
కైలాసగిరి మీద ఒక్క ఆకు మిగలని చెట్లు,
కరెంటు లేని ఆ రాత్రులు
నెలెటో రోజెటో వాళ్లకి ముందే నేర్పేశాయి.
ఆవలి ఒడ్డు గుమాస్తా మీదికి ఆ గాలి వీచలేదు.
పాపం, అతని తప్పేముంది,
వాళ్ల బళ్లో నెలే ముందు.

కాసులమ్మ వెళ్లబోయి వెనక్కి తిరిగింది.
"ఆ నాలుగో తారీకున నానింటికాడే ఉన్నాను.
బోట్లు కట్టేసుంటే పన్లోకెవులు పిలుస్తారు?
మా పొయ్యిలో పిల్లి లెగనేదు.
ఆ దొరలు నాను పని సేసినానంతన్నారు కదా,
అయితే ఆ రోజు కూలిప్పించండి."

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

రాత్రి జవాబు రాయడానికి కూర్చున్నాను.
పైన కుడివైపు తేదీ వేశాను, అలవాటు కొద్దీ:
08/07.
చూసుకుని నా మీద నాకే జాలేసింది.
కొట్టేసి, ఎనిమిది పక్కన జూలై అని
అక్షరాల్లో రాశాను, బడిపిల్లాడిలా.
కింద ఏప్రిల్ ఆరు అని మూడు చోట్ల రాశాను.
బోటు లైసెన్సు జత చేశాను,
హార్బర్ రిజిస్టరులో పేజీ జత చేశాను.

జూన్ నాలుగు కూలి
ఏ గడిలో రాయాలో తెలియక
కలం మూత పెట్టేశాను.